గీతకొక లెక్క, వెలుగుకొక లెక్క

పాలంపేటలోని రామప్ప గుడిని కంప్యూటర్‌లో కట్టాలనుకుందాం. 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఆలయం అది. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. నక్షత్రం ఆకారపు ఎత్తైన అరుగు, గర్భగుడి, మూడు వైపులా వాకిళ్లున్న మహామండపం. వీటి ప్లాను గీయడానికి పదేళ్ల నాటి కంప్యూటర్ చాలు. గీతలకు ఎత్తు ఇచ్చి గోడలు లేపినా అది పెద్దగా మొరాయించదు. చూరు కిందున్న నల్లరాతి మదనికల దగ్గరకొచ్చేసరికే చిక్కు మొదలవుతుంది. ఒక్కో బొమ్మ ఒంటి వంపులు, నగల నగిషీలు యథాతథంగా రావాలంటే లక్షల కొద్దీ చిన్న చిన్న ముక్కలు అతకాలి. ఆపైన అద్దంలా నున్నగా చెక్కిన స్తంభాల మీద సాయంత్రపు ఎండ ఎలా మెరుస్తుందో చూపించమంటే, నిన్నటిదాకా చురుగ్గా నడిచిన కంప్యూటర్ గంటల తరబడి ఆలోచిస్తూ కూర్చుంటుంది.

గుడి అదే, కంప్యూటర్ అదే, పని మాత్రం వేరు. ఏటూరునాగారంలో ఇళ్ల ప్లాన్లు గీసే ఇంజనీరు గానీ, హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూ సెలవులకు ఊరొచ్చిన విద్యార్థి గానీ ‘ఏ గ్రాఫిక్స్ కార్డు కొనాలి?’ అని అడిగితే, దుకాణంలో ముందుగా చెప్పేది ధర. నిజానికి ఆ ప్రశ్నకు జవాబు ధరలోనూ ఉండదు, కార్డు డబ్బా మీది అంకెల్లోనూ ఉండదు. మన పని ఎక్కడ ఆగుతోందన్న దాంట్లో ఉంటుంది.

తెర మీద త్రిభుజాలు

కంప్యూటర్‌కు గుండ్రని స్తంభం తెలియదు, వంపు తిరిగిన చూరు తెలియదు. దానికి తెలిసిందల్లా త్రిభుజం. ఏ ఆకారాన్నైనా త్రిభుజాలుగా విడగొట్టి, ఒక్కో త్రిభుజం తెర మీద ఎక్కడ పడుతుందో లెక్కగట్టి, దాని కిందకొచ్చే చుక్కలకు రంగు నింపుతుంది. వెనకనున్న గోడ ముందున్న స్తంభాన్ని కప్పేయకుండా ప్రతి చుక్కకూ దూరం గుర్తుపెట్టుకుంటుంది. ఈ దూరాల పట్టికే జెడ్-బఫర్. ఎడ్విన్ కాట్‌మల్ 1974లో తన పరిశోధన గ్రంథంలో వివరించిన ఈ ఉపాయం నేటికీ ప్రతి కార్డులోనూ నడుస్తోంది.

ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అంటే 20 లక్షలకు పైమాటే. మోడల్‌ను మౌస్‌తో తిప్పుతున్నప్పుడు చూపు తడబడకూడదంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారాలి. అంటే సెకనుకు 12 కోట్లకు పైగా చుక్కల రంగు తేల్చాలి. 4కె తెర అయితే దీనికి నాలుగింతలు.

ఈ పనిలో ఒక వెసులుబాటుంది. ఒక చుక్క రంగు తేల్చడానికి పక్క చుక్క కోసం ఆగనక్కర్లేదు. వానాకాలం నాట్లను తలచుకోండి. ఒక్క మనిషి ఎంత నేర్పరైనా ఎకరం మడిలో రోజంతా వంగి ఉండాల్సిందే. ముప్పై మంది వరసగా దిగితే పూట తిరక్కుండానే మడి పచ్చబడుతుంది. కంప్యూటర్‌లోని ప్రధాన ప్రాసెసర్‌లో ఆరో, ఎనిమిదో, పదహారో గట్టి కోర్లుంటాయి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డులో చిన్న చిన్న లెక్కలు చేసే కోర్లు 3,584 ఉన్నాయి. విడివిడిగా చూస్తే అవి బలహీనమే. బలమంతా గుంపులో ఉంది. 1999లో ఎన్విడియా సంస్థ జీఫోర్స్ 256ను విడుదల చేస్తూ ‘జీపీయూ’ అన్న మాటను జనంలోకి తెచ్చింది. అప్పటిదాకా ప్రధాన ప్రాసెసర్ మోసిన కోణాల, వెలుతురు లెక్కలు కూడా ఆ చిప్పు మీదికి మారాయి.

గోడ జరిపితే ఎవరికి పని?

గుంపు ఎంత పెద్దదైనా కొన్ని పనులు పంచుకోవడానికి వీల్లేనివి. భవనాలు గీసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో ఒక గోడను అడుగు పక్కకు జరిపామనుకోండి. ఆ గోడలోని కిటికీ జరగాలి. దానికి ఆనుకున్న స్లాబు అంచు మారాలి. గది వైశాల్యం మారాలి. ఆ వైశాల్యం చూసుకునే పట్టికలు మారాలి. ఒకటి తేలితే గానీ రెండోది మొదలుకాదు. ఇలాంటి వరస లెక్కలు ఎక్కువగా ప్రాసెసర్‌లోని ఒక్క కోరు మీదే పడతాయి. పక్కన వేల కోర్ల కార్డు ఉన్నా చూస్తూ కూర్చోవడమే.

ఆటోక్యాడ్‌లో ప్లాను గీయడమూ అంతే. 400 చదరపు అడుగుల ఇందిరమ్మ ఇంటి ప్లాను మొదలుకొని రెండంతస్తుల డాబా దాకా, కొలతలు, వాస్తు మార్పులు, పిల్లర్ల మార్కింగ్ అన్నీ చదును గీతలే. ప్రాసెసర్‌లోనే కలిసొచ్చే గ్రాఫిక్స్ ఈ పనికి సరిపోతుంది. స్కెచ్‌అప్ వేరు. అది మోడల్‌ను చూపించడానికి కార్డును వాడుకుంటుంది గానీ, ఆకారాలను కోయడం, కలపడం ప్రాసెసర్ చేతే చేయిస్తుంది. ఇంటర్నెట్ నుంచి దించిన సోఫా ఒకదాంట్లో మన ఇంటి మొత్తంకన్నా ఎక్కువ గీతలున్నప్పుడు స్కెచ్‌అప్ నత్తనడక పడితే, తప్పు కార్డుది కాదు. సోఫాది.

కాబట్టి ప్లాన్లు, నిర్మాణ డ్రాయింగ్‌లే రోజువారీ పని అయిన వారు డబ్బు ముందు పెట్టాల్సింది వేగమైన ప్రాసెసర్, 16 జీబీకి తగ్గని ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మీద. కార్డు వంతు ఆ తర్వాతే.

వెలుగు దగ్గరే అసలు ఖర్చు

ఇల్లు కట్టించుకునేవారు ప్లాను చూసి తృప్తిపడే రోజులు పోయాయి. ‘ఎలివేషన్ త్రీడీలో చూపించండి’ అంటున్నారు. ఫోన్‌లో పంపగలిగే వాక్‌త్రూ కావాలంటున్నారు. గ్రాఫిక్స్ కార్డుకు నిజంగా పని పడేది ఇక్కడే.

తెర మీద మామూలుగా తిరిగే మోడల్‌లో వెలుతురు చాలావరకు ఉజ్జాయింపు. ఫొటోలా కనిపించాలంటే కాంతికిరణం వెంట పోవాలి. కంటి నుంచి ఒక్కో చుక్క గుండా ఒక కిరణాన్ని పంపి, అది ఏ గోడకు తగిలింది, అక్కడి నుంచి ఎటు మళ్లింది, సూర్యుణ్ని చేరిందా, మధ్యలో మరేదైనా అడ్డొచ్చిందా అని అడుగడుగునా లెక్కించాలి. బెల్ ల్యాబ్స్‌లో టర్నర్ విటెడ్ 1980లో ఈ పద్ధతికి చక్కని రూపమిచ్చాడు. అప్పటి యంత్రాల మీద ఒక్క చిన్న బొమ్మకు గంటకు పైగా పట్టేది. 2018లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డులతో, కిరణం ఏ త్రిభుజానికి తగిలిందో వెతికే పనికే ప్రత్యేక సర్క్యూట్లు ఇళ్లలోని కంప్యూటర్లకు వచ్చాయి. ఏఎండీ, ఇంటెల్ సంస్థలూ ఆ దారినే నడిచాయి.

లూమియన్, ఎన్‌స్కేప్, ట్విన్‌మోషన్, డీ5, వి-రే, బ్లెండర్ వంటి సాఫ్ట్‌వేర్ వాడేవారు కార్డుకు ఖర్చు పెట్టే ప్రతి రూపాయికీ ఫలితం కళ్లారా చూస్తారు. రాత్రి రెండర్ (ఫొటోలాంటి బొమ్మ తయారీ) పెట్టి పొద్దున లేచి చూసుకునే పని, టీ తాగి వచ్చేలోగా పూర్తవుతుంది.

ఎన్ని జీబీలు కావాలి?

కార్డు వేగం తక్కువైతే పని ఆలస్యమవుతుంది. కార్డు మెమరీ చాలకపోతే పని ఆగిపోవచ్చు, లేదా నడవలేనంత నెమ్మదించవచ్చు. అందుకే రెండర్ చేసేవారు ముందుగా చూడాల్సిన అంకె ఇదే.

లెక్క వేద్దాం. గోడకు ఇటుక, నేలకు గ్రానైటు, తలుపుకు టేకు కలప అచ్చంగా కనిపించాలని 4,096 చుక్కల పొడవు, అంతే వెడల్పు ఉన్న బొమ్మను అతికిస్తాం. ఒక్కో చుక్కకు 4 బైట్లు. విప్పి చూస్తే ఒక్క బొమ్మ 64 ఎంబీ. దూరం నుంచి చూసినప్పుడు వాడే చిన్న నకళ్లను కూడా కలిపితే సుమారు 85 ఎంబీ. అలాంటివి 50 ఉంటే 4 జీబీ దాటిపోతుంది. త్రిభుజాలు, తెర బొమ్మలు, కిరణాలు వెతుక్కోవడానికి కట్టే పట్టికలు దీనికి అదనం. సాఫ్ట్‌వేర్ వీటిని కొంత కుదించి దాచుకుంటుంది గానీ, 4 జీబీ కార్డు ఎందుకు చేతులెత్తేస్తుందో ఈ లెక్క చెబుతుంది. అలాంటి చోట బొమ్మల సైజు సగం చేస్తే మెమరీ పావు వంతుకు దిగుతుంది. దూరపు గోడలకు ఇలా చేసినా కంటికి తేడా తెలియదు.

త్రిభుజాల విషయంలో మరో ఉపాయముంది. 1953లో ఏర్పడిన ఏటూరునాగారం అభయారణ్యం అంచున ఒక విడిది గృహం గీస్తున్నామనుకుందాం. వెనక వెయ్యి టేకు చెట్లు కావాలి. సాఫ్ట్‌వేర్ ఒక్క చెట్టునే మెమరీలో పెట్టుకుని, వెయ్యి చోట్ల ‘ఇక్కడ అదే చెట్టు, కొంచెం తిప్పి, కొంచెం పెంచి’ అని గుర్తు మాత్రం రాసుకుంటుంది. కాబట్టి అడవి గీయడం చవక. ఆశ్రమ పాఠశాల హాస్టల్‌లో ఒకే రకం కిటికీలు నూరున్నా చవకే. రామప్ప మదనికలకు మాత్రం ఈ ఉపాయం చెల్లదు. ఏ ఇద్దరి భంగిమా ఒకటి కాదు. ఒక్కో బొమ్మనూ విడిగా మోయాల్సిందే. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఉలి నేటి చిప్పును అలా పరీక్షిస్తుంది.

ఇళ్ల ఎలివేషన్లకు 8 జీబీ కార్డుతో మొదలుపెట్టవచ్చు. వాక్‌త్రూలు, పెద్ద లేఅవుట్లు, డ్రోన్ సర్వేతో వచ్చే కోట్ల బిందువుల మోడళ్లు చేసేవారికి 12 నుంచి 16 జీబీ మేలు. రెండు కార్డులు పెడితే మెమరీ కలుస్తుందనుకోవద్దు. చాలా సాఫ్ట్‌వేర్లలో రెండు 8 జీబీలు కలిసి 16 కావు. లూమియన్ వంటివి ఒక్క కార్డునే వాడుకుంటాయి.

సాఫ్ట్‌వేర్‌తో పొత్తు

కార్డు ఎంత గొప్పదైనా సాఫ్ట్‌వేర్ దానితో మాట్లాడగలగాలి. ఆ మాటలు డైరెక్ట్‌ఎక్స్, ఓపెన్‌జీఎల్, వల్కన్ వంటి పద్ధతుల్లో సాగుతాయి. ఉదాహరణకు ఆటోక్యాడ్ 2025 కనీసంగా 2 జీబీ మెమరీ, డైరెక్ట్‌ఎక్స్ 11 పలికే కార్డు అడుగుతుంది. 8 జీబీ, డైరెక్ట్‌ఎక్స్ 12 ఉంటే మంచిదంటుంది. ఈ వివరాలు ప్రతి వెర్షన్‌కూ మారతాయి. కొనేముందు మీరు వాడే వెర్షన్‌కు తయారీ సంస్థ ఇచ్చిన అవసరాల జాబితా చదువుకోవాలి.

రెండో అడ్డంకి కంపెనీల మధ్య గోడ. వి-రే జీపీయూ రెండరింగ్ చాలాకాలం ఎన్విడియా వారి ‘కుడా’ (CUDA) పద్ధతి మీదే ఆధారపడింది. దానికోసం ఏఎండీ కార్డు కొనేముందు మీ వెర్షన్‌లో అది పనిచేస్తుందో లేదో చూసుకోవాలి. బ్లెండర్ మాత్రం ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్ మూడింటితోనూ పనిచేస్తుంది. లూమియన్, ట్విన్‌మోషన్ వంటివి డైరెక్ట్‌ఎక్స్ పద్ధతిలో నడుస్తాయి కాబట్టి కంపెనీ పట్టింపు తక్కువ.

మూడోది, ఆటల కార్డా, వర్క్‌స్టేషన్ కార్డా అన్న తర్జనభర్జన. ఒకప్పుడు క్వాడ్రో పేరుతో వచ్చిన ఖరీదైన వర్క్‌స్టేషన్ కార్డుల్లోనూ, ఆటల కోసం అమ్మే జీఫోర్స్ కార్డుల్లోనూ చాలాసార్లు ఉండేది ఒకే తరం చిప్పు. పరీక్షించి ధ్రువీకరించిన డ్రైవర్లు, తప్పులు సరిదిద్దే మెమరీ, ఎక్కువ జీబీలు వర్క్‌స్టేషన్ కార్డుల ప్రత్యేకతలు. యంత్ర భాగాలు గీసే సాలిడ్‌వర్క్స్ వంటి వాటిలో ఆ తేడా స్పష్టం. ఇళ్లు, భవనాలు గీసే రెవిట్, స్కెచ్‌అప్, లూమియన్‌లలో అదే డబ్బుకు వచ్చే జీఫోర్స్ కార్డు చాలాసార్లు ముందుంటుంది. అయితే ఆటల డ్రైవర్ కాకుండా ఎన్విడియా ఇచ్చే ‘స్టూడియో’ డ్రైవర్ వేసుకోవడం మంచిది.

క్యాబినెట్ మూత తీసి చూడండి

ఇంతవరకు సాఫ్ట్‌వేర్ సంగతి. ఇక డబ్బా లోపలికి వద్దాం. కార్డు కూర్చునేది మదర్‌బోర్డు మీది పొడవాటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో. కొత్త తరం కార్డు పాత స్లాటులోనూ పనిచేస్తుంది గానీ దారి ఇరుకవుతుంది. ఆర్‌టీఎక్స్ 4060 పదహారు దారులకు బదులు ఎనిమిదే వాడుకుంటుంది. మూడో తరం బోర్డులో పెడితే దానికి దక్కేది సెకనుకు దాదాపు 8 జీబీల రాకపోకలే. మెమరీ నిండి, మాటిమాటికీ ర్యామ్ వైపు చూడాల్సి వచ్చినప్పుడు ఆ ఇరుకు బయటపడుతుంది.

ఆ స్లాటు కార్డుకు ఇవ్వగలిగే కరెంటు 75 వాట్లు. అంతకు మించి కావాలంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా వైరు రావాలి. ఆరు పిన్నుల వైరు మరో 75, ఎనిమిది పిన్నులది 150 వాట్లు ఇస్తుంది. ఆర్‌టీఎక్స్ 3060కి 170 వాట్లు, 4060కి 115 వాట్లు కావాలి. రెండింటికీ 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సూచించారు. 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050, వర్క్‌స్టేషన్ రకం ఆర్‌టీఎక్స్ ఏ2000 చెరో 70 వాట్లతో సరిపెట్టుకుంటాయి కాబట్టి సాధారణంగా వాటికి వేరే వైరు అక్కర్లేదు. ఆఫీసుల్లో వాడి తీసేసిన చిన్న బ్రాండెడ్ కంప్యూటర్ కొన్నవారికి ఇవే దిక్కు. ఆ డబ్బాల్లో ఎస్‌ఎంపీఎస్ చిన్నది, చోటూ తక్కువే.

చవక క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 500 వాట్లని రాసి ఉన్నా నమ్మకండి. పేరు గొప్ప, ఊరు దిబ్బ. పేరున్న కంపెనీది విడిగా కొనడమే క్షేమం. కార్డు పొడవు, మందం కూడా టేపు పెట్టి కొలుచుకోవాలి. మందపాటి కార్డు పక్క స్లాటును కూడా కప్పేస్తుంది. అన్నీ బిగించాక మానిటర్ వైరును కార్డుకే పెట్టాలి. చాలామంది అలవాటు కొద్దీ మదర్‌బోర్డుకు పెట్టి, కొత్త కార్డు పనిచేయడం లేదని దిగులు పడతారు.

ల్యాప్‌టాప్ తీసుకునేవారికి మరో మెలిక. ఒకే పేరున్న కార్డు అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ఒకేలా నడవదు. ల్యాప్‌టాప్‌లోని ఆర్‌టీఎక్స్ 4060ని తయారీదారు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా కట్టేయవచ్చు. పేరు కాదు, వాట్లు అడగండి. విండోస్ సెట్టింగ్స్‌లో రెవిట్, స్కెచ్‌అప్‌లకు పెద్ద కార్డునే కేటాయించామా లేదా అన్నదీ చూసుకోవాలి.

గోదావరి ఎండ, కరెంటు కోత

కార్డుల సమీక్షలు ఎక్కువగా ఏసీ గదుల్లో జరుగుతాయి. గోదావరి ఒడ్డున మే నెల ఎండ వేరు. గాలితో చల్లారే కార్డు వేడి గది వేడిని బట్టి పెరుగుతుంది. 25 డిగ్రీల గదిలో 70 డిగ్రీల దగ్గర ఆగిన కార్డు, అదే పనికి 40 డిగ్రీల గదిలో దాదాపు 85కు చేరాలి. ఎన్విడియా కార్డుల్లో చాలావాటికి 83 డిగ్రీల దగ్గర కళ్లెం పడుతుంది. అక్కడి నుంచి కార్డు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి ఏసీ లేని గదిలో రెండు ఫ్యాన్ల కార్డు, గాలి ఆడే క్యాబినెట్, నెలకోసారి దుమ్ము దులపడం, పెద్ద రెండర్లు రాత్రిపూట పెట్టుకోవడం వేగాన్ని నిజంగానే పెంచుతాయి. ఎక్కువ వాట్లు తాగే కార్డుకన్నా తక్కువ వాట్లతో అదే పని చేసే కొత్త తరం కార్డు ఇక్కడ మేలు.

కరెంటు సంగతీ అంతే ముఖ్యం. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లు. ప్రాసెసర్, 170 వాట్ల కార్డు, మానిటర్, మిగతావన్నీ కలిపితే రెండర్ వేళ ఆ అంచుకు చేరతాయి. సరిగ్గా కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ చేతులెత్తేస్తే ఫైలు పోతుంది. 70 వాట్ల కార్డుతో కొన్ని నిమిషాలు సేవ్ చేసుకునే వ్యవధి దొరుకుతుంది. పెద్ద కార్డు తీసుకుంటే 1 కేవీఏ యూపీఎస్ ఖర్చునూ కార్డు ధరలోనే కలుపుకోవాలి.

వరంగల్ దుకాణాల్లోనో, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో సెకండ్ హ్యాండ్ కార్డు చవకగా దొరకవచ్చు. ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ 2022 సెప్టెంబరులో కార్డులతో పనిలేని పద్ధతికి మారడంతో, అప్పటిదాకా రేయింబవళ్లు నడిచిన కార్డులు సంతకొచ్చాయి. బయటికి మెరిసినా వాటి ఫ్యాన్లు, మెమరీ అలసిపోయి ఉండవచ్చు. పాత తరాలకు డ్రైవర్లూ ఆగిపోతాయి. జీటీఎక్స్ 600, 700 వరుసల్లోని కెప్లర్ తరం కార్డులకు సాధారణ డ్రైవర్లు 2021తోనే నిలిచాయి. అమ్మేవాడి ఎదుటే అరగంట రెండర్ పెట్టి చూడాలి. బిల్లు, వారంటీ లేకపోతే వదిలేయాలి. చెడిపోతే పట్టుకుని పోవాల్సింది హైదరాబాద్‌కే, దారి ఖర్చులూ మనవే.

కొనేముందు ఒక పరీక్ష

పిండికొద్దీ రొట్టె. ప్లాన్లే గీసేవారికి వేరే కార్డు అక్కర్లేదు, ఉన్నా 4 జీబీ చిన్నది చాలు. ప్లానుతో పాటు ఎలివేషన్లు ఇచ్చేవారికి 8 జీబీ ఆర్‌టీఎక్స్ తరం కార్డు కడుపునిండా పని చేస్తుంది. రెండరింగే బతుకుతెరువు అయినవారికి 12 జీబీకి తగ్గని కార్డు, దానికి తగ్గ ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ ఒకే జాబితాలో రాసుకోవాలి.

మీరు ఏ కోవకు చెందుతారో మీ పాత కంప్యూటరే చెబుతుంది. మిమ్మల్ని ఎక్కువగా విసిగించే ఫైలు తెరవండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీ చూస్తూ, కంప్యూటర్ ఆగిపోయే పనినే మళ్లీ చేయండి. ర్యామ్ నిండిపోతే ర్యామ్ కొనండి. కార్డు పది శాతం దగ్గర బద్ధకంగా ఉండి, ప్రాసెసర్‌లో ఒక్క కోరు మాత్రం నూరు శాతం దగ్గర అల్లాడుతుంటే, కొత్త కార్డు కొన్నా అదే బద్ధకం కొనసాగుతుంది. కార్డు వినియోగం నూరుకు తగిలి, దాని సొంత మెమరీ అంచుల దాకా నిండితే మాత్రం సంకోచించకండి. అప్పుడు కార్డుకు పెట్టే డబ్బు మొదటి రెండర్ నుంచే తిరిగి రావడం మొదలవుతుంది.